అద్దెకున్నోళ్లం, మమ్మల్నీ లెక్కలో రాయండి!

సీఎస్ పురం మండల ప్రజలారా! ఒకటో తారీఖు దగ్గరపడుతుంటే నిద్ర పట్టని అక్కలారా, అన్నలారా!

మన మండల కేంద్రంలో రెండు చిన్న గదులు, ముందర రేకుల వసారా ఉన్న ఇంటికి నెలకు రెండున్నర వేలు అడుగుతున్నారు. రోడ్డు మీదికి, బస్టాండు దగ్గరికి వచ్చేకొద్దీ ఇంకా ఎక్కువ. సరే, రెండున్నర వేలే అనుకుందాం. ఏడాదికి 30 వేలు.

ఇప్పుడు రెండో లెక్క. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. వంద రోజులూ పని దొరికి, కొలత ప్రకారం తవ్వి, ఒక్క మస్టరూ పోకుండా, పూర్తి కూలి బ్యాంకులో పడితే 30,700. అంటే ఏడాది మొత్తంలో ఎండన పడి కందకాలు తీసిన కూలంతా తీసుకెళ్లి ఇంటాయన చేతిలో పోస్తే మన దగ్గర మిగిలేది 700 రూపాయలు. కొలతలో తక్కువ వచ్చిందని రోజుకు 250, 260 పడిన వాళ్లకు ఆ 700 కూడా లేదు, అప్పే. బియ్యం రేషన్‌లో వస్తాయి గాని ఉప్పు, పప్పు, నూనె, గ్యాసు, పిల్లల ఫీజు, డాక్టరు, ఫ్లోరైడు నీళ్లు తాగలేక కొనుక్కునే నీళ్ల క్యాను? వాటికి ఇంకో కూలి వెతుక్కోవాలి. అందుకే మనవాళ్లు మిరప కోతలకు గుంటూరు, పల్నాడు పోతున్నారు. బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరు పోయి, అక్కడ సంపాదించింది ఇక్కడి అద్దెకు పంపుతున్నారు.

పల్లెటూళ్లో అద్దె ఇళ్లేమిటి, అది టౌను సమస్య కదా అనే వాళ్లున్నారు. పల్లె అంటే ప్రతివాడికీ పూరిల్లన్నా ఉండి తీరుతుందని పైన కూర్చున్న వాళ్ల నమ్మకం. వాళ్లను ఒక్క పూట మన వీధుల్లో తిరగమనండి. ఎవరెవరు అద్దెకున్నారో చూస్తే తెలుస్తుంది. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో మూడోవాడికి పెళ్లయింది, అందరూ పట్టక బయటికొచ్చాడు. కొండ కింది పల్లెల్లో బడి అయిదో తరగతితో ఆగిపోతే పిల్లల చదువు కోసం మండల కేంద్రానికి వచ్చినవాళ్లున్నారు. డి.జి.పేట, కోవిలంపాడు లాంటి ఊళ్ల నుంచి ఆటో నడుపుకోవడానికి, టిఫిన్ బండి పెట్టుకోవడానికి వచ్చినవాళ్లున్నారు. ఎన్టీఆర్ హయాంలో కట్టిన కాలనీ ఇల్లు స్లాబు పెచ్చులూడి, ఊచలు బయటపడి, వానాకాలం అందులో పడుకోవడానికి ప్రాణం ఒప్పక, సొంత గోడలు వదిలి అద్దెకు వచ్చిన ముసలివాళ్లున్నారు. నాలుగు వేల పింఛన్‌లో పదిహేను వందలు ఒంటి గదికి కట్టి, మిగిలిన దాంట్లో బీపీ మాత్రలు కొనుక్కునే అవ్వ మన పక్క వీధిలోనే ఉంది.

ఆమెకు ఇల్లు లేదని ప్రభుత్వ కాగితాల్లో ఎక్కడా లేదు. ఈ కరపత్రం అచ్చేయించింది ఆ సంగతి చెప్పడానికే.

పథకాలు లేక కాదు. 1979లోనే రాష్ట్రానికి హౌసింగ్ కార్పొరేషన్ పెట్టారు. 1983 తర్వాత ఎన్టీఆర్ బలహీన వర్గాలకు పక్కా ఇళ్లన్నారు. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ తెచ్చింది. 2006లో రాజశేఖరరెడ్డి ఇందిరమ్మ ఇళ్లని మొదలుపెట్టారు. 2020 డిసెంబరు 25న జగన్‌మోహన్‌రెడ్డి 30 లక్షల పట్టాల పంపిణీ ప్రారంభించారు. 2025 నవంబరులో చంద్రబాబు అన్నమయ్య జిల్లా నుంచి రాష్ట్రమంతటా 3 లక్షల ఇళ్ల గృహప్రవేశాలు చేయించారు. ప్రతి ప్రభుత్వానికీ ఒక పేరు, ఒక బోర్డు, ఒక రంగు. ఎవరి హయాంలో ఎన్ని కట్టారని టీవీల్లో కొట్టుకోవడం వాళ్ల పని. మనం అడగాల్సింది ఒక్కటే: ఈ జాబితాలన్నింటిలో అద్దెకున్నోడు ఎక్కడ?

టౌన్లలో అయితే టిడ్కో ఇళ్లని అపార్టుమెంట్లు కట్టారు. అద్దె ఎక్కువైతే గొడవ పెట్టుకోవడానికి 1960లోనే అద్దె నియంత్రణ చట్టం చేశారు, అది నగరాలకు, పురపాలక సంఘాలకు రాసింది. గ్రామ పంచాయతీలో ఉన్నవాడికి టిడ్కో లేదు, ఆ చట్టమూ వర్తించలేదు. ఇక పల్లెలకు ఉన్నది ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్. 2024 నుంచి 2029 దాకా దేశమంతా ఇంకో 2 కోట్ల ఇళ్లు కట్టాలని దాన్ని పొడిగించారు. బాగానే ఉంది. కానీ ఆ పథకం వెతికేది ఇల్లే లేనివాడిని, మట్టి గోడలు, పాకల్లో ఉన్నవాడిని. సర్వే చేసే ఉద్యోగి ఫోన్‌లో ఆవాస్ ప్లస్ యాప్ తెరిచి మనం ఉంటున్న ఇంటిని ఫోటో తీస్తే అందులో ఇటుక గోడ పడుతుంది, స్లాబు పడుతుంది. ఆ స్లాబు ఎవరిదో ఫోటోలో పడదు. నెలనెలా దానికి మనం కట్టే రెండున్నర వేలు పడవు. "మీకు పక్కా ఇల్లుందిగా" అని రాసుకుని పోతే మన పని అయిపోయినట్టే. పాకలో ఉన్నవాడి కష్టం కంటికి కనిపిస్తుంది. అద్దె స్లాబు కింద ఉన్నవాడి కష్టం మనం నోరు తెరిచి చెబితే తప్ప కనపడదు.

అందుకని సర్వే వాళ్లు ఎప్పుడొచ్చినా, ఏ పేరుతో వచ్చినా, "ఇది అద్దె ఇల్లు, మాకు ఎక్కడా సొంత ఇల్లు గాని స్థలం గాని లేదు" అని చెప్పి, వాళ్లు ఏం రాశారో చూసి గాని పంపకండి. ఇంటాయన పక్కన నిలబడి ఉన్నా సరే మొహమాటపడొద్దు. మోటారు సైకిల్ ఉందని ఇల్లు రాదంటే నమ్మొద్దు. ఆవాస్ యోజన కొత్త విడతలో టూ వీలర్, ఫ్రిజ్ ఉన్నాయని తీసేసే నిబంధన ఎత్తేశారు, ఆదాయ పరిమితిని నెలకు పది వేల నుంచి 15 వేలకు పెంచారు. ఈ సంగతి తెలియక ఎంతమంది తమంతట తామే వెనక్కి తగ్గారో!

ఇక స్థలం సంగతి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం "అందరికీ ఇళ్లు" పేరుతో ఉత్తర్వులిచ్చింది. గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు, ఆడవాళ్ల పేరు మీద పట్టా. తెల్ల రేషన్ కార్డు ఉండాలి. రాష్ట్రంలో ఎక్కడా సొంత ఇల్లు, స్థలం ఉండకూడదు. ఇంతకుముందు ప్రభుత్వ ఇల్లు పొంది ఉండకూడదు. మెట్ట అయితే 5 ఎకరాలు, మాగాణి అయితే రెండున్నర ఎకరాలు దాటకూడదు. ఇంతే. అద్దెకున్నవాళ్లకు ఇవ్వకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. మనం అడుగుతున్నది కొత్త పథకం కాదు, ఉన్న ఉత్తర్వును మన వీధి దాకా తీసుకురమ్మని అడుగుతున్నాం.

మూడు సెంట్లంటే 145 గజాలు. 2020లో పంచిన సెంటున్నర 72 గజాలే. మూడు సెంట్లుంటే ఇల్లు కట్టుకుని, పక్కన ఒక బర్రెను కట్టేసుకోవచ్చు, దొడ్లో రెండు కరివేపాకు చెట్లు వేసుకోవచ్చు. పల్లెలో ఇల్లంటే అదే కదా. కాబట్టి ఈ మూడు సెంట్ల మాట మంచి మాటే, ఇచ్చినప్పుడు.

"భూమి లేదు" అనే జవాబు రాబోతోంది. ముందే లెక్క కట్టుకుందాం. ఎకరానికి వంద సెంట్లు. రోడ్లకు, కాలువలకు నలభై సెంట్లు వదిలేసినా అరవై సెంట్లలో ఇరవై ఇళ్లు. వెయ్యి కుటుంబాలకు 50 ఎకరాలు చాలు. పక్కనున్న పామూరు, పీసీపల్లి మండలాల్లో నిమ్జ్ పేరుతో పరిశ్రమల కోసం 14 వేల ఎకరాలకు పైగా గుర్తించారు. 2025 ఏప్రిల్ 2న పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. దాని కోసం మన బీడుల్లో నేపియర్ గడ్డి పెంచుతారట. పరిశ్రమలు రావాలి, మన పిల్లలకు ఇక్కడే పని దొరకాలి, దానికి మనం అడ్డం కాదు. కానీ గడ్డి మొలవడానికి నేల దొరికినప్పుడు మనిషి పడుకోవడానికి దొరకదా? ఆ ప్లాంటుకు, ఆ పరిశ్రమలకు పనివాళ్లు వస్తే ఈ చుట్టుపక్కల అద్దెలు ఇంకో వెయ్యి పెరుగుతాయి. అప్పుడు మనం ఎక్కడికి పోవాలి, భైరవకోన గుహల్లోకా?

భూమి ఉందో లేదో నోటిమాటతో తేలేది కాదు, కాగితం మీద తేల్చాలి. ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఏ సర్వే నంబరు అనాధీనం, ఏది గయాళు, ఏది బంచరాయి, ఏది గ్రామకంఠం అని రికార్డు ఉంటుంది. దాన్ని చూపించమని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగొచ్చు. గ్రామ స్థాయిలో అయితే ఫీజు లేదు, మండల కార్యాలయంలో అయిదు రూపాయలు, పై ఆఫీసుల్లో పది. తెల్ల కార్డు వాళ్లకు ఆ ఫీజు కూడా అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. తెల్ల కాగితం మీద తెలుగులో నాలుగు లైన్లు రాస్తే చాలు, వకీలు అవసరం లేదు: "మా గ్రామంలో ప్రభుత్వ భూమి సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉన్నాయో తెలుపగలరు." ఆ "ఎవరి అనుభవంలో" అన్న మాట మర్చిపోవద్దు. అసైన్డ్ భూములు అమ్మడం, కొనడం చెల్లదని 1977లోనే చట్టం చేశారు. అయినా ఎవరి కంచె ఎంత దూరం నడిచిందో ఊళ్లో అందరికీ తెలుసు. నోటితో అనడానికే భయం. కాగితం అడిగితే కాగితమే చెబుతుంది, మన నోరు నొప్పి పెట్టక్కర్లేదు. నిజంగానే ప్రభుత్వ భూమి లేదని తేలితే, అప్పుడు కొని ఇమ్మని అడుగుదాం. ఇంతకు ముందు ప్రభుత్వాలు ఇళ్ల స్థలాల కోసం ప్రైవేటు భూములు కొన్నాయి కదా.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఊరికి మూడు, నాలుగు కిలోమీటర్ల అవతల, గుట్ట వాలులో, వాగు పక్కన రాళ్లు పాతి, ఫోటో దిగి, పట్టా చేతిలో పెడితే మనం తీసుకోకూడదు. రాష్ట్రమంతటా అలాంటి లేఅవుట్లు జిల్లేడు, కంపచెట్లు మొలిచి పడున్నాయి. నీళ్లు లేవు, కరెంటు స్తంభం లేదు, ఆడపిల్ల సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా నడిచి రాలేదు. పట్టా బీరువాలో ఉంది, మనిషి అద్దె ఇంట్లోనే ఉన్నాడు. పైగా "మీకు ఒకసారి ఇచ్చేశాం" అని కంప్యూటర్‌లో ఎక్కింది. అంతకంటే అసలు స్థలం లేకపోవడమే నయం.

ఇల్లు కట్టుకునే డబ్బు గురించి కూడా నిజం మాట్లాడుకుందాం. 2019-24 మధ్య 340 చదరపు అడుగుల ఇంటికి 1.80 లక్షలు ఇచ్చారు. అడుగుకు 530 రూపాయలు కూడా రాలేదు. మన బేల్దారి మేస్త్రిని పిలిచి ఈ ధరకు ఇల్లు కట్టు అని అడిగి చూడండి, టీ తాగించి పంపేస్తాడు. కేంద్రం పథకంలో మైదాన ప్రాంతాలకు ఇచ్చేది 1.20 లక్షలు, దానికి తోడు ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికి 12 వేలు. మధ్యలో ఆగిపోయిన ఇళ్లు పూర్తిచేయడానికి 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, చెంచుల వంటి ఆదిమ తెగలకు లక్ష అదనంగా ప్రకటించింది. మన మండలంలో బేస్‌మట్టం దగ్గర, గోడల దగ్గర ఆగిపోయిన ఇళ్ల వాళ్లు ఈ డబ్బు తమకు పడిందో లేదో ముందు చూసుకోవాలి. ఇది తెలియక అద్దెకు ఉంటూనే ఉన్న వాళ్లు ఎవరన్నా మీ ఎరుకలో ఉంటే ఈ కాగితం వాళ్లకు చదివి వినిపించండి.

పాత రికార్డుల తలనొప్పి ఇంకొకటి. ఇందిరమ్మ ఇళ్ల కాలంలో ఒకరి పేరు మీద ఇల్లు ఎక్కి, ఇంకొకరు బిల్లు తీసుకున్న ఉదంతాలు రాష్ట్రమంతా బయటపడ్డాయి. మీరు దరఖాస్తు పెడితే "మీకు ఇప్పటికే ఇల్లు మంజూరైంది" అని స్క్రీన్ మీద వస్తే ఏడ్చి ఇంటికి రావద్దు. ఏ సంవత్సరం, ఏ గ్రామం, ఏ దశలో ఎంత బిల్లు, ఏ ఖాతాకు పడింది, రాసి ఇమ్మనండి. ఇదీ సమాచార హక్కు కిందే. అలాగే అత్తమామల కార్డులోనే కోడలి పేరుంటే, మామ పేరు మీద పాత ఇల్లుంటే, కోడలికీ ఇల్లున్నట్టే లెక్క వేస్తారు. ముందు కార్డు విడగొట్టించుకోండి. వేరే ఊరి సచివాలయానికి మ్యాపింగ్ ఉన్నవాళ్లు ఇక్కడికి మార్పించుకోండి. ఈ రెండు పనులూ దరఖాస్తు కంటే ముందు. చాలామంది దరఖాస్తులు పోయేది ఇక్కడే, రాజకీయం వల్ల కాదు.

ఇంటి ఓనర్ల మీద కోపంతో రాస్తున్న కాగితం కాదిది. మన ఊళ్లో అద్దెకిచ్చే వాళ్లలో సగం మంది వెనక గది అద్దెకిచ్చి ముందు గదిలో తామే సర్దుకుంటున్నవాళ్లు. మొగుడు పోయి ఆ అద్దె మీదే బతికే ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లతో గొడవ పెట్టుకుని మనం బాగుపడేది లేదు. కానీ రెండు విషయాలు చెప్పకుండా వదలలేం.

ఒకటి కరెంటు. ఇంటి సర్వీసుకు 30 యూనిట్ల లోపు యూనిట్ 1.90, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు. సబ్ మీటర్ పెట్టి మన దగ్గర ఎనిమిది, పది వసూలు చేస్తున్న వాళ్లున్నారు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం ఉంది గాని, మీటరు ఇంటాయన పేరు మీదైతే అది మనకు చేరదు. అద్దె పేరుతో పోయేది అద్దె ఒక్కటే కాదన్నమాట.

రెండోది ఇంకా చేదు. ఇల్లు ఖాళీగా ఉందని బోర్డు చూసి మన చెల్లెలు ఒకామె పిల్లను చంకనేసుకుని వెళ్లింది. ఇంటామె గేటు దగ్గరే నిలబెట్టి, "ఎంతమందమ్మా?" అంది. "ముగ్గురం." "ఏం పని చేస్తాడు మీ ఆయన?" "టైల్స్ పని." "నీచు తింటారా?" ఆమె ఏదో చెప్పబోతుండగానే, "మీరేమిటోళ్లు?" చెప్పింది. ఇంటామె గేటు మీద చెయ్యి తీయకుండా, "నిన్ననే ఎవరికో మాటిచ్చేశామమ్మా" అంది. బోర్డు మాత్రం మరుసటి వారం దాకా అక్కడే వేలాడింది. డబ్బు చేతిలో ఉన్నా ఇల్లు దొరకని వాళ్లకు సొంత స్థలం తప్ప వేరే దారి లేదు. అంబేద్కర్ జయంతి నాడు దండలు వేసే పెద్దలు ఈ బోర్డుల గురించి కూడా ఒక మాట మాట్లాడితే బాగుంటుంది.

నిలువ నీడ జీవించే హక్కులో భాగమేనని 1995లో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, రాజ్యాంగం 21వ అధికరణం కింద. అంటే మనం అడుక్కోవడం లేదు.

దూరపు ఊరి కథ ఒకటి వినండి. 1915లో స్కాట్లండులోని గ్లాస్గోలో, మగవాళ్లు యుద్ధానికి పోయిన సమయం చూసి ఇళ్ల యజమానులు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ అనే ఇల్లాలు ముందు నిలబడింది. వీధి వీధికీ ఆడవాళ్లు జట్లు కట్టారు. ఖాళీ చేయించడానికి కోర్టు బంట్రోతు వస్తే గంటలు మోగించి పోగై, పిండి ముద్దలతో కొట్టి తరిమారు. ఆ ఏడాది నవంబరు నాటికి దాదాపు 20 వేల కుటుంబాలు పెంచిన అద్దె కట్టనన్నాయి. ఆ ఏడాది ముగియకముందే బ్రిటిష్ పార్లమెంటు అద్దెలకు కళ్లెం వేసే చట్టం చేసింది. నాలుగేళ్లకు, 1919లో, అక్కడి ఊరి మండళ్లే ఇళ్లు కట్టి కార్మిక కుటుంబాలకు అద్దెకు ఇవ్వాలని ఇంకో చట్టం వచ్చింది. అప్పట్లో మనల్ని ఏలుతున్న దేశంలోనే, సొంత ఇల్లు లేని ఆడవాళ్లు జట్టుగా నిలబడి సాధించుకున్నారిది. మనం అద్దె ఎగ్గొట్టమని చెప్పడం లేదు, ఎవరి మీదా పిండి విసరమనీ చెప్పడం లేదు. జట్టు కట్టమంటున్నాం.

ఆ రెండో చట్టం మనకూ ఒక ఆలోచన ఇస్తోంది. స్థలం ఇచ్చి, ఇల్లు లేచేదాకా రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా? మండల కేంద్రంలో ప్రభుత్వ క్వార్టర్లు, మూతపడిన భవనాలు ఖాళీగా ఉంటే వాటిని బాగుచేసి పంచాయతీయే నామమాత్రపు అద్దెకు ఇవ్వొచ్చు కదా. వితంతువులకు, ఒంటరి ఆడవాళ్లకు, వికలాంగులకు ముందు. ఇల్లంటే కట్టి పట్టా ఇచ్చేదే అని మన ప్రభుత్వాలకు అలవాటైపోయింది. కట్టి అద్దెకివ్వడం కూడా ప్రభుత్వం పనేనని గ్రామసభలో తీర్మానం చేయిద్దాం. నవ్వేవాళ్లు నవ్వనీ. 1983లో పేదోడికి స్లాబు ఇల్లంటే కూడా నవ్వినవాళ్లున్నారు.

దళారుల మాట. "పట్టా ఇప్పిస్తా, పాతిక వేలు పెట్టు", "లిస్టులో పేరెక్కిస్తా, పదివేలు చాలు" అని వచ్చేవాళ్లు వస్తారు. ఏ పార్టీ కండువా వేసుకొచ్చినా సరే, రూపాయి ఇవ్వొద్దు. పట్టాకు ఫీజు లేదు. మీ ఆధార్ జిరాక్సు, వేలిముద్ర, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు, సచివాలయంలో మీ ఎదురుగా తప్ప.

మనం ఒక్కొక్కరుగా నాయకుడి ఇంటి అరుగు మీద కూర్చున్నంత కాలం ఒక్కొక్కరికే ఇస్తారు, అదీ వాళ్లకు కావలసినవాళ్లకు. అందరం ఒకే రోజు, ఒకే గుమ్మం ముందు, ఒకే రకం కాగితంతో నిలబడితే లెక్కలోకి రాక తప్పదు.

కాబట్టి వచ్చే సోమవారం ఉదయం 10 గంటలకు సీఎస్ పురం బస్టాండు దగ్గర కలుద్దాం. అక్కడి నుంచి నడిచి తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి, సోమవారం అర్జీల వేదికలో మన దరఖాస్తులన్నీ ఒకేసారి ఇద్దాం. అద్దెకున్న ప్రతి కుటుంబం పేరు సర్వే చేసి రాయాలి. మండలంలోని ప్రభుత్వ భూముల జాబితా పంచాయతీ బోర్డు మీద అతికించాలి. ఊరికి నడిచి వచ్చే దూరంలో, నీళ్లు, కరెంటు ఉన్నచోట మూడు సెంట్లు ఇవ్వాలి. ఇంటి యూనిట్ ధర ఇప్పటి సిమెంటు, ఇనుము ధరలకు తగ్గట్టు పెంచాలి. ఇవే మన అర్జీలో ఉంటాయి. అర్హుల జాబితా గ్రామసభలో అందరి ముందూ చదవాలని కూడా రాస్తున్నాం, గుట్టుగా తయారైన జాబితాల సంగతి మనకు తెలుసు గనుక.

దరఖాస్తు రెండు కాపీలు రాసుకోండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అర్జీ నంబరు తీసుకోకుండా ఎవరూ బయటికి రావద్దు. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, ఉంటే అద్దె కట్టిన ఫోన్‌పే మెసేజ్, పాత పట్టా గాని ఇల్లు కూలిన ఫోటో గాని ఉంటే అవీ తెచ్చుకోండి. రాయడం రాని వాళ్లకు రాసిపెట్టడానికి చదువుకున్న పిల్లలు బస్టాండు దగ్గర ఉంటారు. అర్జీకి నెల దాటినా జవాబు రాకపోతే 1100 నంబరుకు ఫోన్ చేసి అర్జీ నంబరు చెప్పండి. అక్కడా తేలకపోతే కనిగిరి ఆర్డీఓ దగ్గరికి, ఆపైన కలెక్టరు దగ్గరికి ఇదే కాగితం పట్టుకుని పోదాం.

మిట్టపాలెం నారాయణస్వామి గుడికి ఆదివారం పోయే వాళ్లు అక్కడ కలిసిన నలుగురికి చెప్పండి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న మనవాళ్లు రాలేకపోతే వాళ్ల పేరు, కార్డు నంబరు మీ దగ్గర రాసిపెట్టుకోండి, వాళ్లను వదిలేయకండి. సొంత ఇల్లున్న పెద్దలు కూడా రండి. మీ వెనక గదిలో అద్దెకున్న కుటుంబం పక్కన నిలబడి, అవును, వీళ్లకు ఇల్లు లేదని మీ నోటితో చెప్పండి. ఆ సాక్ష్యానికి ఏ యాప్ సాటి రాదు.

కూలికి పోయేవాళ్లు ఆ ఒక్క రోజు కూలి పోయిందని వెనక్కి తగ్గకండి. ఆడవాళ్లు ముందు నడవండి, పట్టా రాసేది మీ పేరు మీదే. చదివిన తర్వాత ఈ కాగితం పక్కింటి వాళ్లకు ఇవ్వండి. సోమవారం బస్టాండు దగ్గర కలుద్దాం, తప్పకుండా రండి!

ఇట్లు,
సీఎస్ పురం మండలంలో అద్దె ఇళ్లలో ఉంటున్న కుటుంబాలు